నడిబజారు చరిత్రకెక్కు విధము

కోటలును దేవాలయములును రాజప్రాసాదములును కాపాడదగినవని యొప్పించుటకు ఏ దేశమునందును పెద్ద వాదము అక్కరలేదు. వాని ఔన్నత్యమే వాని పక్షమున మాటలాడును. ఉప్పుపప్పు లమ్మిన కొట్లు, మందుల అంగళ్లు, బ్యాంకులు, క్షౌరశాలలు, వాని మేడగదులలో అద్దెకుండిన గుమాస్తాలును దర్జీలును, వీరందఱి బ్రతుకును ఒక్క వరుసగా నిలిపిన నడిబజారు మాత్రము తానును చరిత్రయే యనిపించుకొనుటకు మిక్కిలి కాలము వేచియుండవలసి వచ్చెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని చిన్నపట్టణములు అర్ధశతాబ్దికి పైగా తమ నడిబజారులను చారిత్రక ప్రాంతములుగా ప్రభుత్వముచేత గుర్తింపజేసికొనుటకై చేయుచున్న కృషియే యీ వ్యాసమునకు విషయము. ఆ గుర్తింపు ఎట్లు లభించునో, దానివలన ఒనగూడున దేమో, ఒనగూడని దేమో తెలిసికొనుటకు ఇండియానా రాష్ట్రమున ఒహాయో నదీతీరమందున్న మాడిసన్ పట్టణముకంటె అనువైన తావు మఱియొకటి లేదని నా యభిప్రాయము.

1809 ప్రాంతమున జాన్ పాల్ అనునతడు ఈ పట్టణమునకు వీధులు తీర్చెను. నదిపై ఆవిరిపడవలు నడచిన కాలమున, తూర్పునుండి పడమరకు వలసపోవు జనులకును వారి సరకులకును అది రేవుపట్టణమై, పందిమాంసమును ఉప్పువేసి పీపాల కెత్తు వ్యాపారముచేతను, ఇనుపపోత కార్ఖానాలచేతను శీఘ్రముగా సంపన్నమయ్యెను. ఇండియానాలో మొట్టమొదటి రైలుమార్గము ఇచ్చటనుండియే బయలుదేరి 1847లో రాష్ట్ర రాజధానియైన ఇండియానాపొలిస్‌ను చేరెను. నదియొడ్డునుండి కొండమీదికి ఆ మార్గము ఎక్కుటకై రాతిని తొలిచి తీర్చిన నిట్రవాలు ఈనాటికిని చూపరులకు అబ్బురము గొలుపును. ఆ రైలుమార్గమునకు ధనమును చేయూతయు నిచ్చిన జేమ్స్ లేనియర్ అను బ్యాంకరు, ఫ్రాన్సిస్ కోస్టిగన్ అను వాస్తుశిల్పి తీర్చిన సౌధమును 1844లో నదికి అభిముఖముగా కట్టించుకొనెను. అంతర్యుద్ధకాలమున ఇండియానా ప్రభుత్వము సైన్యమును సమకూర్చుకొనలేక తబ్బిబ్బగుచుండగా అప్పిచ్చి ఆదుకొన్నవాడు ఈతడే.

అయితే ఆ సౌభాగ్యము చిరకాలము నిలువలేదు. తక్కిన పట్టణములకు వేఱు రైలుమార్గములు పడగానే వర్తకము సిన్సినాటికిని లూయివిల్‌కును ఇండియానాపొలిస్‌కును తరలిపోయెను. మాడిసన్ పెరుగుట మానెను. సంపద పెరిగిన పట్టణములు పాత అంగళ్లను పడగొట్టి వానిస్థానమున పెద్దమేడలు లేపుకొనగా, పడగొట్టుటకు గాని కట్టుటకు గాని చేతిలో డబ్బులేని మాడిసన్‌లో తాతలనాటి ఇటుక మేడల వరుసలు, పోతయినుప స్తంభముల అంగడిముఖములు, గోడల తలకట్టున చెక్కుడుపనితో నిండిన చూరులు ఉన్నవి యున్నట్లే నిలిచిపోయినవి. పేదరికము ఒక పట్టణమునకు చేయగల మేలు ఇంతకుమించి వేఱొకటి నా యెఱుకలో లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము తమ దేశపు సామాన్యపట్టణ మెట్లుండునో పరదేశీయులకు చూపదలచి, జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బెర్గ్ అను ప్రసిద్ధ చలనచిత్ర దర్శకునిచేత ‘ది టౌన్’ అను చిన్నచిత్రమును తీయించినపుడు అందులకు ఎన్నుకొన్నది ఈ పట్టణమునే.

యుద్ధానంతరము వచ్చిన ముప్పు వేఱు తీరుది. కార్లు పెరిగెను, 1956లో అంతరరాష్ట్ర రహదారుల చట్టము వచ్చెను, అదే సంవత్సరమున మిన్నెసోటా రాష్ట్రమున సౌత్‌డేల్ అను పైకప్పుగల మొదటి మహావిపణి తెరువబడెను. ఊరివెలుపల విశాలమైన కారునిలుపు స్థలములతో కొత్త అంగళ్లు వెలయగా, దేశమంతటను నడిబజారులు వెలవెలబోయినవి. మాడిసన్‌లో ఆ కొత్త వర్తకము నదిలోయను విడిచి కొండమీదికి ఎక్కెను. నడిబజారులలో మిగిలిన వర్తకులు తామును నవీనులమే యని చూపుకొనుటకై అనేక పట్టణములలో తమ పాత ఇటుకగోడల మొగములకు అల్యూమినియము రేకులు బిగించిరి. కిటికీలు మూసి, చెక్కుడుచూరులు కోయించిరి. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. కొనువారు రాని కొట్టులో కూర్చున్నవాడు తనకు తోచిన ప్రతి ఉపాయమును చేసి చూచును.

కట్టడములను గుంపుగా కాపాడవలెనను ఆలోచన అప్పటికే పుట్టియుండెను. దక్షిణ కెరొలీనాలోని చార్లెస్టన్ నగరము 1931లో తన పాతపేటను ఒక ప్రాంతముగా నిర్ణయించి, అందు మార్పులు చేయదలచినవారు ముందుగా అనుమతి పొందవలెనని శాసించెను. అమెరికాలో ఇట్టి శాసనములకు అదియే ఆద్యము. కాని దేశమంతటిని కదలించినది న్యూయార్కులోని పెన్సిల్వేనియా రైల్వేస్టేషను కూల్చివేత. 1910లో ప్రజలకు తెరువబడి, రోమకుల స్నానశాలలను తలపించు మహామండపముతో అలరారిన ఆ కట్టడమును 1963లో పడగొట్ట మొదలిడగా, చట్టము దన్ను లేని సౌందర్యము ఎంత నిస్సహాయమో జనులకు తెలియవచ్చెను. 1966 అక్టోబరు 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టముపై సంతకము చేసెను. చారిత్రక స్థలముల జాతీయ రిజిస్టరు ఆ చట్టమువలన ఏర్పడినదే. అందు నేడు 95,000కు పైగా నమోదులు కలవు. ఒక్కొక్క నమోదు ఒక ఇల్లు కావచ్చును, వంతెన కావచ్చును, వందలాది కట్టడములు గల ప్రాంతమే కావచ్చును. మాడిసన్ చారిత్రక ప్రాంతము 1973లో ఆ రిజిస్టరున చేరినది. 133 బ్లాకుల విస్తీర్ణముగల ఆ ప్రాంతమునకు 2006లో జాతీయ చారిత్రక చిహ్నమను అత్యున్నత గౌరవము సయితము లభించెను. పట్టణ జనసంఖ్య నేటికిని రమారమి 12,000 మాత్రమే.

రిజిస్టరున చేరగోరు పట్టణము మొట్టమొదట సమాధానము చెప్పవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ వీధి ఎందువలన ముఖ్యము? దీనికి నాలుగు విధముల సమాధానములను చట్టము అంగీకరించును. చరిత్రగతిని మలచిన ఘటనలతో సంబంధము, ప్రముఖవ్యక్తుల జీవితముతో సంబంధము, నిర్మాణశైలియందో శిల్పమునందో విశిష్టత, భూగర్భమునుండియో కట్టడమునుండియో తెలియదగిన కొత్త విషయము అనునవి ఆ నాలుగు. సామాన్యముగా 50 సంవత్సరముల ప్రాయము నిండవలెను. నడిబజారులు చాలవఱకు మొదటి కారణముచేతను మూడవ కారణముచేతను నిలుచును. వర్తకచరిత్రకు అవి సాక్ష్యము, ఒక కాలపు కట్టుబడికి మచ్చుతునక. అటుపిమ్మట ఆ ప్రాంతము వెలుగొందిన కాలము ఏ సంవత్సరమునుండి ఏ సంవత్సరమువఱకో నిర్ణయించి, ఎల్లలు గీచి, అందలి ప్రతి కట్టడమును పరీక్షించి, అది ఆ కాలమునకు సాక్షి యగునో కాదో తేల్చి వ్రాయవలయును. సాక్షికట్టడములు అధికముగా నుండవలెను. నిలిచిన చోటు, ఆకృతి, పరిసరము, వాడిన సామగ్రి, పనితనము, చూచినంతనే కలుగు భావము, చరిత్రతో సంబంధము అను ఏడింటిని బట్టి ప్రాంతముయొక్క సమగ్రతను విచారింతురు. అల్యూమినియము రేకు బిగించిన కొట్టు, లోపలి గోడ చెక్కుచెదరకున్నను, రేకు తీయునంతవఱకు సామాన్యముగా సాక్షి కానేరదు. ఆ రేకులే యిప్పుడు 50 ఏండ్లు దాటినవగుటచే వానికిని ఒక చరిత్ర యున్నదని వాదించువారు లేకపోలేదు. ఆ వాదము తోసివేయదగినది కాదు.

ఈ వ్రాతపని యంతయు చదువరులకు శుష్కముగా తోపవచ్చును. నిజమునకు నడిబజారు గుర్తింపులో ఇంతకంటె రసవంతమైన భాగము వేఱొకటి లేదు. దస్తావేజులు, పన్నుల లెక్కలు, ఊరి వర్తకుల పేరుపట్టికలు, పాత పత్రికల ప్రకటనలు, పోస్టుకార్డులపై అచ్చువేసిన వీధిబొమ్మలు అన్నియు బయటికి వచ్చును. వీనిలో శాన్‌బోర్న్ కంపెనీవారి పటములకు సాటి లేదు. 1867లో స్థాపితమైన ఆ సంస్థ అగ్నిప్రమాద బీమా కంపెనీల యుపయోగార్థము అమెరికాలోని వేలాది పట్టణముల పటములను, ఒక అంగుళమునకు 50 అడుగుల కొలతతో, కొన్నేండ్ల కొకమారు సవరించుచు అచ్చువేసెను. ఇటుక కట్టడమునకు గులాబీరంగు, కొయ్య కట్టడమునకు పసుపుపచ్చ, రాతికి నీలము. అంతస్తు లెన్నో, కప్పు ఎట్టిదో, లోపల కిరాణాకొట్టో కమ్మరికొలిమియో అన్నియు గుర్తులతో తెలిపెను. నష్టపరిహారము లెక్కగట్టుటకై గీయబడిన పటము శతాబ్దము గడచిన పిదప ఒక వీధి యాత్మకథగా మాఱినది. 1886 పటమున కొయ్యకొట్టుగా పసుపుపచ్చగా కనబడిన స్థలము తరువాతి పటమున గులాబీరంగు దాల్చినచో, నడుమ ఆ కొట్టు కాలిపోయెనో, యజమానికి కలిసివచ్చి ఇటుకతో తిరిగి కట్టించెనో ఊహించి, పత్రికలలో వెదకి తేల్చుకొనవచ్చును. ఆ ఊరివారే ఈ పనికి పూనుకొన్నచోట, రిజిస్టరున చేరుటకు పూర్వమే ఆ వీధి వారి కన్నులకు కొత్తదగును.

సిద్ధమైన పత్రము రాష్ట్ర చారిత్రక పరిరక్షణాధికారి కార్యాలయమునకు పోయి, రాష్ట్ర సమీక్షామండలి బహిరంగ సభలో విచారింపబడి, వాషింగ్టనులోని నేషనల్ పార్క్ సర్వీసునకు చేరును. అచ్చట రిజిస్టరుపాలకుడు సామాన్యముగా 45 దినములలో నిర్ణయము చెప్పును. ఈ నడుమ ప్రతి యజమానికిని నోటీసు ఇయ్యవలయును. స్వంతదారులలో సగముకంటె ఎక్కువమంది నోటరీచేత ధ్రువపఱచిన అభ్యంతరము తెలిపినచో ఆ ప్రాంతము రిజిస్టరున చేరదు. ఈ లెక్కలో పది కొట్లు గలవానికిని ఒక్క కొట్టు గలవానికిని ఒక్కటే వోటు. 1980 సవరణవలన వచ్చిన ఈ నియమము ఎంతయు మేలైనదని నా నమ్మకము. తనవారి సమ్మతి లేని గౌరవము ఏ వీధిని నిలుపలేదు.

ఇచ్చట స్పష్టముగా చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఊరూర సభలలో ప్రజలు అధికముగా భయపడునది దీనినిగూర్చియే. రిజిస్టరున చేరినంతమాత్రమున యజమాని స్వాతంత్ర్యము రవంతయు తగ్గదు. తన సొమ్ముతో తన కొట్టునకు తనకు నచ్చిన రంగు వేసికొనవచ్చును, కిటికీలు మార్చుకొనవచ్చును, కడకు దానిని పడగొట్టుకొనవచ్చును, కేంద్రప్రభుత్వము వలదనదు. కేంద్రధనముతో గాని కేంద్రానుమతితో గాని జరుగు రోడ్డువంటి పనులు ఆ ప్రాంతమునకు కీడుచేయునేమో ముందుగా విచారింపవలెనని మాత్రమే చట్టము విధించినది. రక్షణ కావలెనన్న ఊరు తానే శాసనము చేసికొనవలయును. అట్టి స్థానికశాసనము గల పట్టణములలో ఒక మండలి కూర్చుండి, వీధివైపు మార్పులను పరీక్షించి, తగునన్నవానికి అనుమతిపత్రము నిచ్చును. మాడిసన్‌లోను అట్టి సమీక్షామండలి కలదు. ఇట్టి నియమము యజమాని ఆస్తిని హరించినట్లా యను వివాదము న్యూయార్కులోని గ్రాండ్ సెంట్రల్ స్టేషను విషయమున సుప్రీముకోర్టువఱకు పోగా, 1978లో న్యాయస్థానము నగరముపక్షమున తీర్పు చెప్పెను. స్థానికమండలులతో తగవులు లేవనుట అసత్యము. ఒక తలుపు కొయ్యదా ఇనుపదా యని వాదులాడి యేండ్లు గడపిన పొరుగువారుందురు. అయినను పొరుగువాని కొట్టుతో తన కొట్టునకు సంబంధము కలదని ఒప్పుకొన్న పట్టణములే నడిబజారును నిలుపుకొనగలిగినవి.

రిజిస్టరు ప్రత్యక్షముగా తెచ్చు లాభము పన్ను రాయితీ. 1976 పన్నుల చట్టముతో మొదలై, 1986 నుండి నేటి రూపము దాల్చిన ఈ యేర్పాటు ప్రకారము, రిజిస్టరులోని సాక్షికట్టడమును, ఆదాయము నిచ్చునట్టి దానిని, నియమానుసారముగా బాగుచేసిన యజమానికి తగిన ఖర్చులో నూటికి 20 వంతున కేంద్రపు ఆదాయపు పన్నులో తగ్గింపు లభించును. 5,00,000 డాలర్లు వెచ్చించినవానికి 1,00,000 డాలర్లు మిగులును. 2017 చట్టముననుసరించి ఆ తగ్గింపును ఇప్పుడు ఐదేండ్లలో పంచి ఇత్తురు. తాను కాపురముండు ఇంటికి ఈ రాయితీ వర్తింపదు. కొట్టునకును, దానిపై అద్దెగదులకును వర్తించును. ఖాళీగా పడియున్న మేడగదులలోనికి మరల మనుష్యులు వచ్చుటకు ఇది ముఖ్యకారణమైనది.

నియమానుసారముగా అనగా ఆంతరంగికశాఖ ప్రకటించిన పది సూత్రముల ననుసరించి యని యర్థము. వాని సారము ఇది: చెడినదానిని మార్చుటకంటె బాగుచేయుట మేలు, మార్చక తప్పనిచో పాతదానిని పోలినదే వేయవలెను, లేని పురాతనత్వమును కల్పింపరాదు. ఈ సూత్రముల వెనుకనున్న జ్ఞానమునకు ఒక్క యుదాహరణ చాలును. పందొమ్మిదవ శతాబ్దపు ఇటుక మెత్తనిది. దానిని సున్నపు గచ్చుతో కట్టిరి. గోడలోనికి దిగిన తేమ ఆ మెత్తని గచ్చుగుండ బయటికి పోవును, ఎండకును చలికిని ఇటుక ఉబ్బి ముడుచుకొనినపుడు గచ్చు సర్దుకొనును. కొన్నేండ్లకు గచ్చు రాలును. మరల సున్నము పట్టించినచో గోడ మఱియొక నూరేండ్లు నిలుచును. ఈ మర్మ మెఱుగని మేస్త్రి గట్టిదనము కోరి సిమెంటుతో పాయింటింగు చేసినచో, తేమకు దారి మూసికొనిపోయి, చలికాలమున ఆ నీరు గడ్డకట్టి, సిమెంటు చెక్కుచెదరకుండ ఇటుక ముఖమే పొరలుపొరలుగా రాలిపోవును. ఇసుకను వడిగా చిమ్మి గోడలు శుభ్రపఱచుటయు ఇట్టిదే. కాలిన ఇటుకయొక్క గట్టి పైపొర పోయి లోపలి మెత్తన బయటపడును. మన పల్లెటూళ్ల పాతమేడలకు సిమెంటు పూసి సంతోషించువారు ఈ మాట జ్ఞాపకముంచుకొనుట మంచిది.

డబ్బును నియమములును ఉన్నంతమాత్రమున కొనువారు రారు. ఈ సంగతిని మొదట గ్రహించి 1977లో నేషనల్ ట్రస్ట్ అను సంస్థ, మేరీ మీన్స్ అనునామె నాయకత్వమున, మూడు చిన్నపట్టణములను ఎన్నుకొని ఒక ప్రయోగము సాగించెను. ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్, దక్షిణ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్, ఇండియానాలోని మాడిసన్ ఆ మూడు. ఒక్కొక్క పట్టణమునకు జీతముపై ఒక నిర్వాహకుని నియమించి, వర్తకులను ఒక సంఘముగా కూర్చి, అంగడిముఖములను బాగుచేయించి, పండుగలు జరిపించి, ఏ సరకునకు ఊరిలో గిరాకి కలదో లెక్కవేసి దానికి తగిన కొట్లను రప్పించిరి. మెయిన్ స్ట్రీట్ కార్యక్రమమను పేర ఆ పద్ధతి 1980 తరువాత దేశమంతట వ్యాపించెను. నడిబజారును కాపాడునది దాని వాడుకయే యన్న సత్యము ఇందువలన స్థిరపడినది. బీగము వేసిన కట్టడమునకు రిజిస్టరులో ఎంత గొప్ప చోటున్నను, కప్పు కారుట మానదు.

ఎవరి చరిత్రను వ్రాయవలెనను ప్రశ్నయు ఉన్నది. ఒహాయో నదికి ఆవలియొడ్డు కెంటకీ. అంతర్యుద్ధమునకు పూర్వము అది బానిసత్వము చెల్లుబడియగు నేల. నది దాటివచ్చిన బానిసలను రహస్యముగా ఉత్తరమునకు సాగనంపినవారిలో మాడిసన్‌లోని జార్జిటౌన్ పేట నల్లజాతివారు ముఖ్యులు. జార్జి డిబాప్టిస్ట్ అను నల్లజాతి క్షురకుడు కొంతకాలము ఈ పట్టణముననే యుండి ఆ పనికి అండగా నిలిచెను. బ్యాంకరు సౌధమునకు మొదటినుండియు దక్కిన ఆదరము ఈ పేటలోని చిన్నయిండ్లకు చాల ఆలస్యముగా దక్కెను. ప్రాంతమును మొత్తముగా గుర్తించు పద్ధతికి నేను పక్షపాతిని కావడమునకు ఇదియొక కారణము. విడివిడిగా ఎన్నుకొన్నచో సౌధము మాత్రమే మిగులును, కలిపి ఎన్నుకొన్నచో క్షురకుని వీధియు లెక్కకు వచ్చును.

2009 మే నెలలో మాడిసన్ నడిబొడ్డుననున్న జిల్లా న్యాయస్థాన భవనము, బాగుచేయు పని జరుగుచుండగనే, నిప్పంటుకొని గోపురముతో సహా కాలిపోయెను. పడగొట్టి కొత్తది కట్టుట సుళువైన దారి. ఆ పట్టణమువారు నిలిచిన గోడలను ఉంచుకొని గోపురమును తిరిగి లేపుకొనిరి. రిజిస్టరు వారి నట్లు బలవంతపెట్టలేదు, పెట్టజాలదు గూడ; అప్పటికి మూడు దశాబ్దములకు పైగా ఆ వీధినిగూర్చి వ్రాసికొని, వాదించుకొని, దానిని తమదిగా భావించుట వారికి అలవడియుండెను.

మన దేశమున 1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టము కట్టడమును, త్రవ్వకపు తావును కాపాడును. బ్రతికియున్న బజారు దాని దృష్టికి రాదు. హైదరాబాదులో 1995 నుండి నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో పదమూడవది చారిత్రక కట్టడములకును వాడలకును కొంత రక్షణ యిచ్చుచుండగా, 2015లో అది రద్దయ్యెను. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చెను. చార్మినారు చెంతనున్న పత్తర్‌గట్టి, రాతికమానుల వరుసతో ఒకే రూపున తీర్చిన అంగళ్ల వీధి. నడిబజారు మొత్తముగా కాపాడదగినదనుటకు మనవద్ద అంతకుమించిన సాక్ష్యము అక్కరలేదు. తక్కిన మన పట్టణములలో చాలవాని బజారులకు ఇట్టి రిజిస్టరు ఏదియు లేదు. అది వచ్చువఱకు ఆగనక్కరలేని పని యొకటి చదువరుల చేతిలోనే యున్నది. మీ యూరి బజారులో తాతలనాటి కొట్టు గలవారు, అద్దెకున్నవారు, చిత్రములు తీసి దాచుకొన్నవారు ఉందురు. ఏ కొట్టు ఎవరిదో, ఎప్పుడు కట్టిరో, ఏమి అమ్మిరో వారి నడిగి వ్రాసికొనుడు. దస్తావేజుల నకళ్లును పాత ఛాయాచిత్రములును ఒకచోట చేర్చి ఊరి గ్రంథాలయమున కిండు.